స్థలం లేని షావుకారు

నాకు చరిత్రలో యుద్ధాలకంటే దుకాణాలంటేనే ఆసక్తి ఎక్కువ. ఒక ఊరికి ఉప్పు ఎవరు తెచ్చి అమ్మారో తెలిస్తే ఆ ఊరి సంగతి సగం తెలిసినట్టే! అందుకే లెసోతోలోని మాలేయాలేయా కథ మీకు చెప్పాలనిపించింది. నాలుగువైపులా దక్షిణాఫ్రికాయే చుట్టుకుని ఉన్న చిన్న కొండదేశం లెసోతో. ఇంగ్లీషువాళ్ళ కాలంలో దాని పేరు బసూటోలాండ్.

మాలేయాలేయా ఇప్పుడు యాత్రికులు దిగే లాడ్జి. 1905లో మెర్విన్ బాస్‌వర్త్ స్మిత్ అనే దొర అక్కడ వర్తకపు కొట్టు పెట్టాడు. తండ్రి సామాన్యుడు కాడు లెండి. పేరున్న హారో స్కూల్లో మాస్టారు, మన దేశానికి వైస్రాయిగా వచ్చిన లారెన్సు ప్రభువు జీవితచరిత్ర రాసినాయన. అలాంటివాడి కొడుకు కొండల్లో కొట్టు పెట్టుకు కూర్చోవడమేమిటి అంటారా? అక్కడికి వెళ్ళే కనుమ పేరే స్వర్గద్వారం. ఎత్తు 2,001 మీటర్లు. కాస్త ఆగి చూసి వెళ్ళమని బాటసారికి చెప్పే ఫలకం కూడా ఉందక్కడ.

స్వర్గం మాట అలా ఉంచండి. దొరగారికి కొట్టయితే ఉంది గాని, దాని కింద నేల మాత్రం ఆయనది కాదు. బసోతో ప్రజల రాజు మొష్వేష్వే 1859లోనే చట్టం చేసి పెట్టాడు. కొట్టు పెట్టాలంటే రాజు అనుమతి కావాలి, ఇల్లు కట్టుకున్నా అమ్ముకునే హక్కు లేదు, ఈ నేలలో తెల్లవాడి సొంతమంటూ చోటే లేదు అని. ఎంత ముందుచూపో చూడండి! పడమటి పొలాలు బోయర్లు లాక్కుంటే, 1868లో గతిలేక బ్రిటిషు రక్షణలోకి వెళ్ళాడాయన. అయినా ఆ కట్టుబాటు మాత్రం నిలిచింది. ఎంత షావుకారైనా అద్దెకున్నవాడి లెక్కే.

నేల దక్కకపోతేనేం, మిగతాదంతా కొట్లచేతికే చిక్కింది. కొండమీది గొర్రెల ఉన్ని కొట్లో అమ్మాలి. ఇంగ్లండు మిల్లుల్లో నేసిన ఉన్ని కంబళి ఆ కొట్లోనే కొనాలి. మన పత్తి మాంచెస్టరు గుడ్డగా తిరిగొచ్చిన కథే కదూ ఇది? ఆ కంబళే అక్కడివాళ్ళకి జాతీయ దుస్తు అయింది. చారలు నిలువుగా ఉండేట్టే కప్పుకోవాలట, అడ్డంగా ఉంటే ఎదుగుదల ఉండదట. పరాయి మిల్లు గుడ్డని కూడా తమ నమ్మకాలతో తమదిగా చేసుకున్నారు.

మరి కంబళికి డబ్బెక్కడిది? గుడిసెపన్ను కట్టడానికెక్కడిది? మగవాళ్ళు కింబర్లీ వజ్రాల గనులకీ, జొహానెస్‌బర్గ్ బంగారు గనులకీ పోయారు. ఆడవాళ్ళు పొలమూ, పశువులూ, పిల్లలూ చూసుకుంటూ ఉండిపోయారు. పోనీ భర్తనో, బతుకుతెరువునో వెతుక్కుంటూ వెళదామంటే, 1915లో ప్రభుత్వం శాసనం తెచ్చింది. భర్తో, తండ్రో ఒప్పుకోనిదే స్త్రీ దేశం దాటకూడదని! గుడిసెపన్ను వేసి మగవాణ్ణి ఇల్లు కదిలించిన సర్కారే, ఆడదాన్ని కదలొద్దంది. గనుల నుంచి డబ్బొచ్చేదాకా కొట్లో అరువు అడగాల్సిందీ ఆమే. ఆ అరువు ఖాతాలు దొరికితే లారెన్సు జీవితచరిత్ర పక్కనపెట్టి అవే చదువుతాను నేను.

1966లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1980ల్లో కొట్టు లాడ్జి అయింది. యాత్రికులు పొట్టి గుర్రాలెక్కి కొండలు చూసి వస్తారు. ఆ గుర్రాలు మాత్రం లాడ్జివి కావు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళవి. అద్దె వాళ్ళకే చెల్లుతుంది.