ఇంటిపేరు ఫిబ్రవరి

దక్షిణాఫ్రికాలో జాత్యహంకార పాలన మీద తుపాకీ పట్టి 1967లో ప్రాణాలిచ్చిన కేప్‌టౌన్ యువకుడి పేరు బేసిల్ ఫిబ్రవరి. ఆ ఇంటిపేరు నన్ను పట్టుకుని వదల్లేదు. వెతుకుతూ పోతే ఏప్రిల్, సెప్టెంబర్ ఇంటిపేర్ల వాళ్లూ ఎదురయ్యారు. కేప్‌లోని డచ్చివాళ్లు కొనితెచ్చిన బానిసల అసలు పేరు తీసేసి, చాలామందికి నెల పేరు పెట్టేవారు. వెనక ఊరో, దేశమో తగిలించేవారు: ‘ఫాన్ బెంగాలే’, ‘ఫాన్ కోరమాండల్’. అమ్మ పెట్టిన పేరు మాత్రం చాలాసార్లు పద్దులో ఎక్కేదే కాదు.

1652-1808 మధ్య అలా కేప్‌కు చేరినవాళ్లు సుమారు 63,000 మంది. ఇండోనేషియా దీవులు, మడగాస్కర్, మొజాంబిక్, మన దేశం నుంచి తెచ్చారు. డచ్చి ఈస్టిండియా కంపెనీ సొంత బానిసల కోసం 1679లో కేప్‌టౌన్ నడిబొడ్డున స్లేవ్ లాడ్జ్ కట్టింది. వీధివైపు కిటికీల్లేవు, ఊచలు బిగించిన సన్నటి సందులే. మధ్యలో వాకిలి, చుట్టూ పగలూ చీకటే అయిన గదులు. రాత్రి తలుపులకు తాళం పడేది. ఆ తాళం పడే ముందు ఓ గంటసేపు సైనికులను లోపలికి వదిలేవారు, అక్కడి ఆడవాళ్ల కోసం. వాళ్ల బతుకు తలుచుకుంటే నాకు గుండె కలుక్కుమంటుంది. లాడ్జ్ 1811 దాకా ఇలాగే నడిచింది.

తర్వాత అది ప్రభుత్వ కార్యాలయమైంది, సుప్రీంకోర్టూ అక్కడే నడిచింది. 1966లో మ్యూజియం చేసి, దొరల వెండి సామానూ కుర్చీలూ బల్లలూ కొలువు పెట్టారు. ఆ ఇంట్లోనే పుట్టి పోయినవాళ్ల ఊసు పక్కకు పోయింది. ఇది మరపు కాదు, రెండోసారి పేరు తీసెయ్యడమే. 1998లో గానీ స్లేవ్ లాడ్జ్ అన్న పేరు తిరిగి రాలేదు. ఇప్పుడక్కడ చెప్పేది బానిసల కథే. 2008లో పక్కనున్న చర్చ్ స్క్వేర్‌లో పదకొండు రాతి దిమ్మెలు నిలిపి వాళ్ల పేర్లు చెక్కారు.

ఈ కథలో మన తీరానికీ పాలుంది. కోరమాండల్‌లో కరువు ముంచుకొచ్చినప్పుడల్లా ఆకలికి తాళలేక మనుషులు తమనూ పిల్లలనూ అమ్ముకునేవారు. డచ్చి కంపెనీ వాళ్లను కొని బటావియా (నేటి జకార్తా) ఓడలెక్కించేది, కొందరు కేప్‌కూ చేరేవారు. ఈ తీరంలో కంపెనీకి పెద్ద స్థావరం పులికాట్. అక్కడి డచ్చి శ్మశానం గుమ్మం దగ్గర చెక్కిన అస్థిపంజరాలను చూడటానికి జనం వెళ్తుంటారు. బందరు, భీమిలిలోనూ డచ్చి సమాధులున్నాయి. కొన్నవాళ్లకు ఇన్ని రాళ్లున్నప్పుడు, అమ్ముడుపోయినవాళ్లకూ పులికాట్‌లో ఓ రాయి నిలపాలి. కరువు ఏళ్లు, ఓడలు వెళ్లిన రేవులు దాని మీద తెలుగులోనూ తమిళంలోనూ చెక్కాలి.