అతుకులో అణగియున్న లాగుడు

1943 జనవరి 16వ తేదీ రాత్రి. అమెరికా దేశపు పోర్ట్‌లాండు నగరమున, ఓడల నిర్మాణశాల చెంత, ‘షెనెక్టడీ’ అను క్రొత్త చమురు ఓడ నిశ్చలమైన నీటిపై నిలిచియున్నది. పరీక్షలు ముగించుకొని వచ్చిన ఓడ అది. తుపాను లేదు, శత్రువు లేడు. హఠాత్తుగా, మైలు దూరమునకు వినిపించిన చప్పుడుతో, అది నడుమకు విరిగినది.

అంతకు అయిదేండ్ల క్రితము, 1938 మార్చి 14వ తేదీన, బెల్జియములో హాసెల్ట్ వద్ద ఆల్బర్టు కాలువపై నిర్మించిన వంతెన కూలినది. దానికి రెండేండ్లయినను నిండలేదు. ఈ ఓడయు, ఆ వంతెనయు రివెట్లతో గాక వెల్డింగుతో కూర్చబడినవి.

రివెట్ల కాలమున ఒక పలకలో పుట్టిన పగులు సాధారణముగా ఆ పలక అంచుననే ఆగెడిది. వెల్డింగు పలకల నన్నిటిని ఏకఖండముగా చేయగా, పగులునకు కూడ అడ్డులేని బాట ఏర్పడినది. నాటి ఉక్కు చలిలో పెళుసగునని కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పరు నిరూపించిరి. అతుకుల లోపములు, పదునైన మూలలు తక్కిన కారణములు. వీటికి తోడు, కంటికి కనబడని బిగువొకటి అతుకులో ముందే దాగియుండును. ఇంజనీర్లు దానిని అవశేష ప్రతిబల మందురు.

బండి చక్రమునకు ఇనుప పట్టా వేయుట చూచినవారికి ఈ బిగువు తెలిసినదే. కమ్మరి పట్టాను ఎఱ్ఱగా కాల్చి, చక్రమునకు తొడిగి, నీళ్లు పోసెడివాడు. చల్లారుచు పట్టా కుంచించుకొనబోవును, కొయ్య అడ్డగించును. ఆ బిగువే చక్రమును పట్టియుంచును. కరగి చల్లారు వెల్డింగు లోహమును చుట్టునున్న చల్లని ఉక్కు అట్లే అడ్డగించును. అయితే చక్రమును కాపాడిన బిగువే ఇచట పగులును తెరచుటకు సాయపడును.

దీనికి మందుగా అతుకును సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరల కాచి, మెల్లగా చల్లార్చుట వాడుకలోనికి వచ్చినది. సుత్తితో మోదుటయు కలదు. కాని వంతెన నంతటిని కొలిమిలో పెట్టుట ఎట్లు?

ఉపాయము ఉక్కు స్వభావమునందే ఉన్నది. చల్లారు ఉక్కు ఒకానొక ఉష్ణోగ్రత వద్ద తన అణువుల అమరికను మార్చుకొనును. ఆ క్షణమున అది కుంచించుకొనుటకు మారుగా కొంచెము వ్యాకోచించును. సామాన్యమైన వెల్డింగు లోహములో ఈ మార్పు సుమారు 600 డిగ్రీల వద్దనే ముగియును. అప్పుడు సడలిన బిగువు, మిగిలిన చల్లారుటలో మరల పేరుకొనును. 1977లో బ్రిటనుకు చెందిన జోన్స్, ఆల్బెరీ అనువారు ఈ మార్పు ఎంత తక్కువ ఉష్ణోగ్రతలో జరిగిన అంత తక్కువ బిగువు మిగులునని ప్రయోగపూర్వకముగా చూపిరి.

1990ల చివర జపానులో ఓటా బృందము ఈ సూత్రముననుసరించి, నూటికి పదేసి పాళ్లు క్రోమియము, నికెలు గల వెల్డింగు తీగను రూపొందించినది. దానిలో మార్పు సుమారు 180 డిగ్రీల వద్ద ఆరంభమై, గది ఉష్ణోగ్రత వరకు సాగును. చివరి క్షణమున వచ్చిన ఆ వ్యాకోచము లాగుడును తీసివేయుటయే గాక, దాని స్థానమున నొక్కుడును నిలుపును. నొక్కుడులో నున్న పగులు సులభముగా నోరు తెరువదు. మాటిమాటికి బరువు పడుచు, తొలగుచుండు పరీక్షలలో కొన్ని అతుకుల ఓర్పు సుమారు రెట్టింపైనది. తరువాత కేంబ్రిడ్జిలో హర్షద్ భదేషియా బృందము ఈ లోహములకు పెళుసుదనము తగ్గించు కృషి చేసినది.

ఇది సర్వరోగనివారిణి కాదు. నికెలు వెల యెక్కువ. పొరపై పొర వేయు అతుకులలో, పై పొర వేడికి క్రింది పొర పొందిన మేలు కొంత చెడును. అయినను, లోహమును బలవంతముగా లొంగదీయుటకు మారుగా దాని స్వభావమునే తోడు చేసికొను ఈ మార్గము, వంతెన దాటువారికిని ఓడ నెక్కువారికిని అభయమిచ్చు ప్రయత్నములలో ఒకటి.