పండు ఎలుగుకు, పిక్క మనిషికి

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన, పడమట మహేంద్రగిరి వరసకూ తూర్పున బంగాళాఖాతానికీ నడుమ పరుచుకున్న పచ్చటి పట్టీ ఉద్దానం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో ఊరు ఎక్కడ అయిపోయిందో, తోట ఎక్కడ మొదలైందో కొత్తవాళ్ళకు తెలియదు. వీధి చివరి ఇంటి పెరటి తలుపు తీస్తే కొబ్బరి నీడ. దాని కింద పనస, మామిడి, ములగ. మరి నాలుగడుగులు వేస్తే నేలమీదికి కొమ్మలు వాల్చిన జీడిచెట్లు. ఇసుక కలిసిన నేల కాబట్టి వరి కన్నా చెట్టే ఇక్కడ నమ్మకమైన పంట. ఆడపిల్ల పెళ్ళికీ, పిల్లాడి చదువుకూ, ఆస్పత్రి ఖర్చుకూ జనం చెట్ల వైపే చూస్తారు.

ఈ తోటల మధ్యలోనే అక్కడక్కడా బోడి రాతి గుట్టలు లేస్తాయి. పెద్ద పెద్ద బండలు ఒకదానిమీద ఒకటి ఒరిగి, కింద గుహల్లాంటి సందులు ఉంటాయి. ఎలుగుబంట్ల కాపురం అక్కడే. ఒడిశా గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున నిలబడ్డ మహేంద్రగిరి నుంచి అడవి జంతువు దిగి రావాలంటే చాలా దూరం నడవాలి. ఊరి పక్క గుట్టలో పుట్టిన ఎలుగు మాత్రం సాయంత్రం లేచి ఒళ్ళు విదిలించుకుంటే చాలు, తోటలో ఉంటుంది. అందుకే ఉద్దానం వాళ్ళు దాన్ని దూరపు అడవి మృగంగా చెప్పుకోరు. “గుట్టమీదది” అంటారు, పొరుగు వీధివాళ్ళను చెప్పినట్టు.

కొండకూ ఈ ఊళ్ళకూ ఉన్న బంధం పాతది, నెత్తురు చిందినది కూడా. మందస జమీందారీ రోజుల్లో వంటచెరకుకూ, నాగలి కర్రకూ, కంచె కంపకూ రైతు కొండకు పోవాల్సిందే. పోతే జమీందారు మనుషులు అడ్డుపడేవారు. 1940 మార్చిలో పలాసలో కిసాన్ సభ జరిగింది. ఆ ఊపుతో రైతులు గుంపులుగా మందస అడవిలోకి వెళ్ళి కలప కొట్టుకొచ్చారు. వాళ్ళను అరెస్టు చేసి తీసుకుపోతున్న పోలీసులకు ఊరివాళ్ళు అడ్డం తిరిగినప్పుడు, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. నిండు గర్భిణి సాసుమాన గున్నమ్మ అక్కడే ప్రాణం విడిచింది. వీరగున్నమ్మగా ఆమె పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ వినపడుతుంది. కొండమీది పుల్ల కోసం ప్రాణాలిచ్చిన ఊళ్ళు, అదే కొండమీది జంతువుతో తోటను పంచుకుంటున్నాయి. ఉద్దానం చరిత్ర రాసేవాళ్ళు మొదటి సంగతి రాసి రెండోది వదిలేస్తుంటారు. నిజానికి రోజువారీ బతుకును ఎక్కువగా మలిచింది రెండోదే.

ఏడాదిలో ఎలుగు రాకకు ఒక లెక్క ఉంది. మార్చిలో జీడిపండు ఎర్రబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చెట్ల కింద పండ్లు రాలి పులుస్తుంటే ఆ వాసన మైలు దూరం పోతుంది. మే, జూన్‌లలో పనస పండుతుంది. ఎలుగుకు చూపు తక్కువ, ముక్కు మాత్రం మహా చురుకు. చెదపుట్ట ఎంత గట్టిదైనా పొడుగాటి గోళ్ళతో తవ్వి, పెదవులు సున్నాలా చుట్టి పురుగుల్ని లోపలికి పీల్చుకుంటుంది. దానికి పై దవడలో ముందరి పళ్ళు రెండు ఉండవు. ఆ సందు ఈ పీల్పు కోసమే. చెదలూ, చీమలూ, తేనే, పళ్ళే దాని తిండి. వేటాడి మాంసం తినే జంతువు కాదది. పనస చెట్టెక్కి పండును కిందికి తోసి చీల్చుకు తినడం దానికి పెద్ద పని కాదు.

జీడితోట సంగతి కాస్త నిదానంగా చూడాలి. పలాస, కాశీబుగ్గల్లోని వందల పప్పు ఫ్యాక్టరీలకు కావలసింది పిక్క. రైతు అమ్మేదీ పిక్కే, 80 కిలోల బస్తాల లెక్కన. 2023లో బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని ఇక్కడి రైతులు రోడ్డెక్కినా, ఆ పోరు కూడా పిక్క కోసమే. పండుకు ధర లేదు. పిక్క తుంచుకుని పండును చెట్టు కిందే పారేస్తారు, కుప్పలు కుప్పలుగా. ఎలుగుకు కావలసింది ఆ పండే. పిక్క పెంకులో చర్మాన్ని కాల్చే ఘాటైన నూనె ఉంటుంది. పెంకు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళ వేళ్ళు నల్లబడి పొలుసులు లేచిపోయేది దానివల్లే. అంటే జీడి దగ్గర మనిషికీ ఎలుగుకూ పంట తగాదా లేనే లేదు. తగాదా అంతా వేళ దగ్గర వస్తోంది.

ఏరేది తెల్లవారుజామున. ఎండ ముదిరితే ఇసుక కాలుతుంది, పైగా రాత్రి రాలిన పిక్కల్ని దొంగలకన్నా ముందు ఏరుకోవాలి. చీకటి విడకముందే బుట్ట చంకన పెట్టుకుని ఆడవాళ్ళు తోట దారి పడతారు. రాత్రంతా పళ్ళు తిని గుట్టకు తిరిగిపోయే ఎలుగుకూ అదే వేళ, అదే దారి. నేలను తాకే జీడికొమ్మ కింద వంగి ఏరుతున్న మనిషికి పక్క కొమ్మ కింద ఏముందో కనపడదు. అదీ మనిషిని చూడదు, గాలి అటునుంచి వీస్తే వాసనా పట్టదు. రెండడుగుల దూరంలో హఠాత్తుగా ఎదురుపడితే అది పారిపోయే జంతువు కాదు, లేచి మీద పడుతుంది. తల, ముఖం, చేతులు చీలుస్తుంది. వీపుమీద పిల్లల్ని మోసుకు తిరిగే తల్లి అయితే చెప్పనే అక్కర్లేదు. చలికాలంలో పుట్టిన పిల్లలు సరిగ్గా జీడి సీజన్‌కే తల్లి వెంట బయట తిరగడం మొదలుపెడతాయి.

పాతకాలపు జాగ్రత్తలన్నీ ఈ ఎదురుపాటును తప్పించేవే. “ఒలే, ఒక్కర్తివే ఎల్లొద్దే, ఎండ పొడిచినాక ఎల్దాం” అని ఇరుగమ్మ పొరుగమ్మను ఆపేది. నలుగురైదుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ పోయేవారు. ముందు కుక్క నడిచేది. తోట మొదట్లోనే నిలబడి ఖాళీ డబ్బా వాయించి, కాసేపు ఆగి లోపలికి అడుగుపెట్టేవారు. పనసకాయ ముదిరిందని చెట్టుమీద తట్టి చప్పుడుతో తెలుసుకుని, పండకముందే దోటితో దింపేవారు. చెట్టుమీద పండనిస్తే అది గుట్టమీదదాని వాటా అయినట్టే. ఇంట్లో మగ్గేసిన పనసను వెనక వసారాలో ఉంచకుండా నడిమింట్లో పెట్టి తలుపేసేవారు. తొనలు ఒలిచాక తొక్కూ పీచూ పెరట్లో పారేయకుండా పశువుల ముందు వేసేవారు. ఇవేవీ ఏ శాఖా నేర్పినవి కావు. అత్త కోడలికి చెప్పిన సంగతులు.

ఎలుగు ఒక్కటే కాదు, ఈ ఇళ్ళకు చిల్లర చుట్టాలు చాలా మంది. కొబ్బరి మొవ్వులో గూడు కట్టి లేతకాయకు బెజ్జం పెట్టే ఎలుకలకు మానుచుట్టూ నున్నటి రేకు చుడతారు. గోరు నిలవక జారిపడతాయి. కోతులకు ఆ రేకు లెక్క కాదు, పక్క చెట్టునుంచి దూకుతాయి. ఒక్క గుంపు దిగిందంటే లేతబొండాలు తుంచి పారేసి, పెంకు జరిపి ఇంట్లోకి దూరి అన్నం గిన్నె ఎత్తుకుపోతాయి. చిలగడదుంప మడిలో అడవిపంది దిగితే తెల్లారేసరికి నేల దున్నేసినట్టుంటుంది. అయినా నష్టం ఎవరివల్ల ఎక్కువని అడిగితే కోతి పేరు చెప్పే రైతు, భయం ఎవరంటే మాత్రం ఎలుగు పేరే చెబుతాడు.

ఆ భయానికి కారణాలున్నాయి. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి ప్రాణాలు పోయాయి. పలువురు గాయపడ్డారు. ఊరివాళ్ళు దాన్ని వెంటాడి కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు చనిపోయారు, మరుసటి రోజు తోటలో పనిచేసుకుంటున్నవాళ్ళ మీద మళ్ళీ దాడి జరిగి పలువురు ఆస్పత్రి పాలయ్యారు. అటవీ సిబ్బంది మత్తుమందు ఇచ్చి ఆ ఎలుగును పట్టుకున్నారు గాని అదీ బతకలేదు. రెండు ఘటనలూ జూన్‌లోనే జరిగాయని గమనించాలి. పనసలు పండే నెల, జీడి తోటల్లో ఆఖరు ఏరుడు సాగే నెల.

ఇదంతా తిత్లీ తుపాను తర్వాత మొదలైందని చాలామంది అంటారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను, గంటకు 140 – 150 కిలోమీటర్ల గాలితో ఉద్దానం నడుం విరిచింది. తాతలు నాటిన కొబ్బరి ఒక్క పూటలో నేలకూలింది. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్ళు పడుతుంది, చాలామందికి ఆ ఓపిక లేకపోయింది. పడిపోయిన మానులు తీయించే డబ్బు లేక కొన్ని తోటలు అలాగే వదిలేశారు, ఎండ తగిలిన నేలలో పొదలు అల్లుకున్నాయి. అవి ఎలుగుకు పగటి మాటు. తుపాను పరిస్థితిని పాడుచేసిన మాట నిజమే. అయితే ఎర్రముక్కాం ఘటన తిత్లీకి నాలుగు నెలల ముందు జరిగింది. తప్పంతా గాలిమీద నెట్టేస్తే అసలు మార్పు కనపడకుండా పోతుంది.

అసలు మార్పు ఇళ్ళల్లో జరిగింది. ఉద్దానం మగవాళ్ళు హైదరాబాద్‌కూ, చెన్నైకీ, గల్ఫ్‌కూ, పోర్ట్‌బ్లెయిర్‌కూ వలస పోయారు. మిగిలినవాళ్ళలో, ఈ ప్రాంతాన్ని ఏళ్ళుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుతో మంచానపడ్డవాళ్ళు ఎందరో. డయాలసిస్‌కు తిరిగే మనిషి తోట కాయలేడు, పొదలు కొట్టలేడు. పలాసలో కిడ్నీ ఆస్పత్రీ, హిరమండలం రిజర్వాయర్ నుంచి మంచినీటి పథకమూ 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. అది గొప్ప ఊరట. కానీ ఈలోగా ఒక తరం చేతుల్లోంచి తోటపని జారిపోయింది. ఇంటికి ఒక్క ఆడమనిషి మిగిలి, తోడు దొరక్క ఒంటరిగా తోటకు పోతోంది. నలుగురు కలిసి డబ్బా వాయించుకుంటూ పోవాలంటే నలుగురు ఉండాలి కదా! ఇంటి కుక్కకే తిండి పెట్టే మనిషి లేనప్పుడు తోట కుక్క ఎక్కడిది?

గుట్టల పరిస్థితీ మారింది. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైట్‌కు దేశవిదేశాల్లో గిరాకీ ఉంది. జిల్లాలో క్వారీ పేలుళ్ళు పెరిగేకొద్దీ బండల సందుల్లోని నివాసాలు చెదురుతాయి. ఒక గుట్ట ఖాళీ అయితే అక్కడి జంతువు మాయం కాదు, పక్క గుట్టకు మారుతుంది. దాని దారి తెలియని కొత్త ఊరి తోటలో దిగుతుంది. గుట్టమీద రేగు, నేరేడు, వెలగ మిగిలి ఉంటే కొంత కడుపు అక్కడే నిండేది. అవి కొట్టేసి, కింద పళ్ళు గుట్టలుగా పారేసి, రావద్దంటే వినే జంతువు లోకంలో లేదు.

చంపేస్తే పోదా అనే మాట కోపంలో ఎవరైనా అంటారు, ఇంట్లో మనిషి పోయినవాళ్ళు అనడంలో తప్పు లేదు. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులితో సమానమైన రక్షణ. చట్టం పక్కన పెట్టినా, గుట్టలూ పళ్ళూ ఉన్నంతకాలం ఒకటి పోయిన చోటికి ఇంకొకటి వస్తుంది. కంచెకు దొంగతనంగా కరెంటు తీగ కలపడం ఇంకా పాపం. అడవిపంది కోసం కట్టిన తీగకు తెల్లారి నీళ్ళు పెట్టబోయిన రైతు బలైన ఘటనలు తెలుగు రాష్ట్రాల్లో ఏటా వినపడుతున్నాయి.

చేయగలిగినవి చిన్నవే, కానీ ఊరంతా కలిసి చేయాల్సినవి. జీడిచెట్టు కింది కొమ్మలు మనిషి నడుం ఎత్తు దాకా కోసేస్తే వంగకుండానే అవతలిది కనపడుతుంది, కాపూ తగ్గదు. పారేసే పండును రోజూ పోగుచేసి ఊరికి దూరంగా గుంటలో పూడ్చినా, పశువులకు వేసినా వాసన తగ్గుతుంది. గోవాలో జీడిపండు రసంతో ఒక పరిశ్రమే నడుస్తుంటే, ఇక్కడ ఆ పండు కుళ్ళి ఎలుగును పిలుస్తోంది. కొనేవాడు ఉంటే దాన్ని చెట్టు కింద ఎవరు వదులుతారు? తుపానులో పడిన మానులు తీసి పొదలు కొట్టే పనిని ఉపాధి హామీలో పెట్టించుకోవచ్చు. ఏరే వేళను ఊరంతా ఒక మాట మీద సూర్యోదయం తర్వాతకు మార్చుకుంటే, పొరుగువాడు ముందు ఏరుకుపోతాడన్న భయం ఉండదు. ఆ భయమే కదా ఆడవాళ్ళను చీకట్లో లేపుతున్నది.

ఒక్కటి మాత్రం పంచాయతీల చేతిలో లేదు. ఎలుగు ఊళ్ళో పడ్డప్పుడు మత్తుసూది వేయగల పశువైద్యుడు దాదాపు 200 కిలోమీటర్ల అవతల విశాఖపట్నం నుంచి రావాలి. ఆయన వచ్చేలోగా జనం కర్రలతో చుట్టుముడతారు, బెదిరిన జంతువు ఇంకో నలుగుర్ని చీలుస్తుంది, చివరకు అదీ చస్తుంది. కాశీబుగ్గలో మత్తుతుపాకీ, బోను, శిక్షణ ఉన్న సిబ్బందితో ఒక బృందం మార్చి నుంచి జూన్ దాకా ఉండాలి. ఉద్దానం ప్రజాప్రతినిధులు ఏ పార్టీవారైనా ముందుగా అడగవలసింది ఇదే. జీడి పూత డిసెంబర్‌లో మొదలవుతుంది. అడగడానికి అదే అదను.