బ్రాయిలర్ దాణాలో ప్రత్యామ్నాయ మాంసకృత్తులు

మాంసం కొరకు పెంచే బ్రాయిలర్ కోళ్ళ దాణాలో సోయా చెక్కకు బదులుగా, పూర్తిగా గాని కొంత మేరకు గాని, వాడే ఇతర నూనెగింజల చెక్కలను '''ప్రత్యామ్నాయ మాంసకృత్తులు''' అంటారు. వీటితో పాటు కొన్ని మూలికలను కూడా దాణాలో కలుపుతున్నారు. పెద్దాపురం (2022 నుండి కాకినాడ జిల్లా), అనపర్తి పరిసరాలు కోళ్ళ పరిశ్రమకు ప్రసిద్ధి చెందినవి. ఇక్కడ గుడ్ల కోళ్ళే ఎక్కువ. అయినను దాణా ధర రెండు రకాల పెంపకందారులకూ సమస్యయే.

== అవసరం ==
కోళ్ళ పెంపకపు ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దాణాకే అవుతుంది. బ్రాయిలర్ పిల్లల దాణాలో మొదటి వారాలలో 22-23%, తరువాత 20% వరకు మాంసకృత్తులు ఉండవలెను. డెల్టాలో సులభంగా దొరికే నూకలు, తవుడు ఈ లోటు తీర్చలేవు. నూకలలో మాంసకృత్తులు సుమారు 8% మాత్రమే. సోయా చెక్కలో 44-48% ఉన్నా, సోయా పంట ప్రధానంగా మధ్యప్రదేశ్, మహారాష్ట్రలది. 2021లో దీని ధర విపరీతంగా పెరగగా, ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది.

== చెక్కలు ==
'''వేరుశనగ చెక్క'''లో మాంసకృత్తులు 40% పైబడి ఉంటాయి గాని లైసిన్, మెథియోనిన్ తక్కువ. అంతకు మించిన ప్రమాదం బూజు వలన పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషము. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్కయే కారణమని తేలింది. ఈ విషము అప్పుడే లోకానికి తెలిసింది. గోదావరి ప్రాంతపు వానాకాలపు తేమలో నేలమీద పేర్చిన బస్తాలకు ఈ బూజు త్వరగా పడుతుంది. కాలేయం దెబ్బతిన్న కోడి మేత తిన్నా బరువు పెరగదు, టీకా వేసినా రోగనిరోధక శక్తి తగినంత రాదు.

మునగాకుతో కూర వండుకొనే '''తెలగపిండి''' (నువ్వుల చెక్క)లో మెథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. సోయాలో ఇందుకు వ్యతిరేకం కనుక రెండింటినీ కలిపి వాడుట మేలు. పొద్దుతిరుగుడు చెక్కలో పీచు ఎక్కువ. పత్తి చెక్కలో గాసిపాల్ అనే హానికర పదార్థం ఉంటుంది. బియ్యం నుండి ఇథనాల్ తీయగా మిగిలే ఎండు మడ్డిలో మాంసకృత్తులు బాగా ఉన్నా, ఆరబెట్టిన తీరును బట్టి నాణ్యత మారుతుంది.

== మూలికలు ==
పెరుగుదల కొరకు మేతలో యాంటీబయాటిక్స్ కలుపుటను ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించింది. భారతదేశం 2019లో పశువులకు, కోళ్ళకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. దీనితో పసుపు, వెల్లుల్లి, నేలవేము, నేల ఉసిరి వంటి వాటికి గిరాకీ పెరిగింది. కాలేయ రక్షణకు పసుపు, నేల ఉసిరి, ఎండ తాపానికి ఉసిరికాయ పొడి వాడుతారు. పరిశోధనలలో ఫలితాలు ఒకే విధంగా లేవు. మూలికలోని సారం పంటను బట్టి, మోతాదును బట్టి మారుతుంది. వేపాకు వంటి చేదు పదార్థం ఎక్కువైతే కోళ్ళు మేత తగ్గిస్తాయి. బూజు పట్టిన చెక్కకు పసుపు విరుగుడని తలచుట పొరపాటు.

== వాడకం ==
కొత్త చెక్కను ఒక్కసారిగా కాక నాలుగైదు రోజులలో క్రమంగా పెంచుతూ కలపవలెను. ప్రతి సరుకుకూ తేమ, మాంసకృత్తులు, అఫ్లటాక్సిన్ పరీక్షలు చేయించి, తగ్గిన లైసిన్, మెథియోనిన్‌లను విడిగా చేర్చవలెను. బస్తాలను గోడకు ఆనించక, చెక్క బల్లలపై నిలువ చేయుదురు.