మన సీమకు వచ్చిన శరణార్థులు



ప్రాణభీతిచే ఇల్లును ఊరును విడిచి పరసీమకు పోయినవారిని శరణార్థులందుము. వారి కథ చెప్పునపుడు చరిత్రకారులు సామాన్యముగా రెండు ఘట్టములనే వర్ణింతురు. పారిపోయినది యొకటి, తిరిగివచ్చినది యొకటి. నడుమ గడచిన యేండ్లలో వారు ఎవరి యరుగుపై పరుండిరి, ఏ పని చేసి గంజి కాచుకొనిరి, బిడ్డలకే మాట నేర్పిరి అను సంగతులు శాసనములకెక్కుట యరుదు. అయినను శరణార్థి జీవితమనగా ఆ నడిమి కాలమే. దానినిగూర్చి మన తిరుపతి, చంద్రగిరి సీమ చెప్పగల సంగతులు కొన్ని కలవు. వానిని నేడు మీకు మనవి చేసెదను.

మొదట తిరుపతి పట్టణమునే చూతము. కొండపైనున్న స్వామి కొండవాడే. కొండక్రింద నున్న గోవిందరాజస్వామి మాత్రము వలసవచ్చినవాడు. చిదంబరమునందలి తిల్లై చిత్రకూటమున వెలసియున్న గోవిందరాజును చోళరాజొకడు పెకలించి సముద్రమున వేయించెననియు, భక్తులు ఉత్సవమూర్తులను గైకొని తిరుపతికి పారివచ్చిరనియు, భగవద్రామానుజులవారు 12వ శతాబ్ది పూర్వార్ధమున ఇచ్చట ఆ స్వామిని ప్రతిష్ఠించి చుట్టును వీథులు తీర్పించిరనియు సంప్రదాయము. అంతకు పూర్వము జనులు కపిలతీర్థమునకు చేరువనున్న కొత్తూరున నివసించిరని పెద్దలు చెప్పుదురు. అనగా నేడు మనము తిరుపతి యని పిలుచు పట్టణము శరణుజొచ్చిన దేవుని చుట్టును పెరిగిన పట్టణము. ఆశ్రయమిచ్చినందువలన ఊరు చిక్కిపోలేదు. ఆశ్రయమిచ్చుటచేతనే ఊరు ఊరైనది.

రెండవ కథ శ్రీరంగమునకు సంబంధించినది. 1323వ సంవత్సరమున ఢిల్లీ సేనలు ఓరుగల్లును గెలిచి ప్రతాపరుద్రుని చెరపట్టినవి. ఆ కాలముననే శ్రీరంగమును వాని పాలబడెను. శ్రీరంగవాసులు మూలమూర్తికి అడ్డముగా గోడ కట్టి, ఉత్సవమూర్తిని పల్లకిలో నుంచుకొని రాత్రివేళ బయలుదేరిరట. వారికి పెద్దదిక్కుగా నున్న పిళ్ళై లోకాచార్యులు వృద్ధులు. వారు మధుర సమీపముననే దేహము చాలించిరి. తక్కినవారు మలయాళ సీమను, మైసూరు సీమను చుట్టి, తుదకు తిరుమల చేరిరని ఆ కోవెల చరిత్రయగు కోయిలొళుగు చెప్పుచున్నది.

ఆ కల్లోలముననే సుదర్శనసూరి యను పండితుడు తన యిరువురు కుమారులను, తాను వ్రాసిన శ్రుతప్రకాశికా గ్రంథమును వేదాంతదేశికుల చేతిలో పెట్టెననియు, దేశికులు ఆ బిడ్డలను, ఆ తాటాకుల కట్టను కాపాడుకొనుచు కన్నడసీమలోని సత్యాగాలము చేరిరనియు ప్రతీతి. ఇల్లు కాలునపుడు మనుష్యుడు దేనిని చేతబట్టుకొని పరుగిడునో దానినిబట్టి వాని ప్రాణమెందున్నదో తెలియును. ఆ పండితునకు బిడ్డలును గ్రంథమును సమానమైనవి.

తిరుమలలో వారికి లభించిన యాదరణమెట్టిదో గమనింపుడు. ఆనాడీ ప్రాంతమును యాదవరాయలు ఏలుచుండిరి. వచ్చిన మూర్తిని వేంకటేశ్వరుని సన్నిధిలో నొక మూల నుంచి, మా నైవేద్యములోనే నీకు నొక పిడికెడు అని సరిపెట్టలేదు. ఆ స్వామికి ప్రత్యేకముగా మండపమేర్పడెను. దానిని నేటికిని రంగనాయకుల మండపమనియే పిలుచుచున్నాము. మీలో కొండకు పోయిన ప్రతివారును దానిని చూచియే యుందురు. వేంకటేశ్వరుని ప్రాకారములోనే రంగనాథుడు రంగనాథుడుగనే పూజలందెను. ఇది చిన్న సంగతి కాదు. అతిథికి అన్నము పెట్టువారనేకులు. అతిథిని అతని పేరుతోనే బ్రతుకనిచ్చువారు కొందరే.

ఆ కాలమెంత దీర్ఘమో లెక్కింపుడు. కంపరాయల దండయాత్రల తరువాత, చెంజినేలుచుండిన గోపనార్యుడు స్వామిని తిరుమలనుండి చెంజికి తీసికొనిపోయి, శక వర్షము 1293, అనగా 1371లో, శ్రీరంగమున మరల ప్రతిష్ఠించెను. ఈ సంగతి శ్రీరంగములోని శిలాశాసనమున నున్నది. అందు అంజనాద్రి పేరున మన తిరుమలయు పేర్కొనబడినది. 1323 నుండి 1371 వరకు 48 ఏండ్లు. తల్లి చంకలో బయలుదేరిన బిడ్డ తిరిగిపోవునాటికి తాత యైయుండును. దారిలో పుట్టినవారికి శ్రీరంగమనగా తల్లిదండ్రులు చెప్పిన కథయే గాని చూచిన యూరు కాదు.

తిరిగిపోయినపుడేమయ్యెనో వినుడు. ఆ నడుమ శ్రీరంగమున మరియొక ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించుకొనియుండిరట. వచ్చినవాడే పూర్వపు స్వామి యని సాక్ష్యమిచ్చుటకు ఎరిగినవారు మిగులలేదు. తుదకు చూపుపోయిన ముదుసలి చాకలి యొకడు రెండు మూర్తుల తిరుమంజనపు తడివస్త్రములను పిండి, ఆ తీర్థమును సేవించి, వాసననుబట్టి, ఈయనయే మన పెరుమాళ్ళని నిర్ణయించెనని కోయిలొళుగు కథనము. ఆనాటినుండియే ఆ స్వామికి నంబెరుమాళ్ళను పేరు నిలిచినదందురు. దేవునికే తన యింట తన్ను గుర్తింపజేసికొనుట కష్టమైనపుడు, మనుష్యుని మాట వేరుగా చెప్పనేల?

ఇక 1565వ సంవత్సరమునకు వత్తము. ఆ యేటి జనవరిలో రాక్షసితంగడి యుద్ధమున రామరాయలు కూలగా విజయనగరము పాడువడెను. తిరుమలరాయలు పరివారముతో పెనుకొండ చేరెను. పిదప వేంకటపతిరాయలు చంద్రగిరిని రాజధానిగా చేసికొనెను. తిరుమలలో మహాద్వారము దాటగానే చేతులు జోడించి నిలిచియున్న ఆయన రాగిప్రతిమను మీరెరుగుదురు. ఆయన వంశముకూడ ఇల్లు తప్పిన వంశమే. 2022లో జిల్లాలు విడదీయువరకు చిత్తూరు జిల్లాలో నుండి, పిదప తిరుపతి జిల్లాలో చేరిన చంద్రగిరికోట, ఆ విధముగా శిథిలమైన రాజ్యమునకు విడిదియిల్లైనది.

రాజులకు కోటలు దొరకినవి. సామాన్యుల గతియేమి? తెలుగు కుటుంబములనేకము దక్షిణమునకు సాగిపోయినవి. తంజావూరు నేలుచుండిన అచ్యుతప్పనాయకుడు అట్లు వచ్చిన 510 బ్రాహ్మణ కుటుంబములకు ఒక గ్రామమును దానముచేసి, ఒక్కొక్క కుటుంబమునకు ఇల్లును, బావిని, కొంత భూమిని ఇచ్చెనని సంప్రదాయము. ఆయన పేర అచ్యుతపురమైన ఆ గ్రామమే నేటి మేలట్టూరు. దానమునందు బావి చేరియుండుట చూడుడు. నీరెక్కడిదో తెలియని చోట ఇల్లుండి యేమి లాభము? ఇచ్చిన రాజునకు, లేక ఆయనకు చెప్పిన పెద్దకు, సంసారమన్న నేమో తెలిసియున్నది.

ఆ కుటుంబములవారు చుట్టును తమిళమే వినబడుచున్నను తెలుగును విడువలేదు. 18వ శతాబ్దిలో మేలట్టూరు వేంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రము మొదలగు నాటకములను తెలుగున రచించెను. వైశాఖమాసమున నృసింహజయంతికి ఆ భాగవతమేళము నేటికిని ప్రదర్శింపబడుచున్నది. అట్లని వారు పరాయివారుగా మిగిలిపోలేదు. తమిళమును నేర్చిరి, కావేరినీటితో పొలము దున్నిరి, చూడవచ్చిన తమిళ సోదరులు ఆ నాటకమును తమ యూరి సొత్తుగనే భావించిరి. తమ భాషను కాపాడుకొనుటయు, ఊరిలో కలిసిపోవుటయు ఒకదాని కొకటి విరోధము గాదని ఆ గ్రామము నిరూపించుచున్నది.

మన కాలమునకు సమీపించినచో, 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942లో భారతీయులు లక్షలకొలది అరకాను కొండల మీదుగను, మణిపురము మీదుగను నడచివచ్చిరి. వేలకొలది దారిలోనే కన్నుమూసిరి. ఆ నడచినవారిలో తెలుగువారనేకులు. 1964లో బర్మా ప్రభుత్వము అంగళ్లను జాతీయము చేయగా మరికొందరు మరలి వచ్చిరి. ఆ సంవత్సరమే అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రి గారును, సిరిమావో బండారనాయకె గారును చేసికొన్న యొడంబడికచే సింహళమునుండి 5,25,000 మందిని స్వీకరించుటకు భారతదేశ మంగీకరించెను. వీరిలో అనేకులు అక్కడనే పుట్టినవారు. స్వదేశమునకు తిరిగి వచ్చితిరని కాగితములు చెప్పినవి. వారి కన్నులకది క్రొత్తదేశమే.

నా చిన్ననాట మా గ్రామమునకు బర్మానుండి అట్లొక కుటుంబము వచ్చెను. ఆ యింటి బాలుడు నా తరగతిలో చేరెను. తెలుగు మాటలాడును, అక్షరములు రావు. పిల్లలము వానిని బర్మావాడని వెక్కిరించువారము. ఊరి పెద్ద యొకరు మమ్ము కోప్పడలేదు. తమ యింటి వీథియరుగును ఆ తండ్రికి బొరుగుల అంగడి పెట్టుకొనుట కిచ్చిరి. తామే మొదటి బేరము చేసి రొక్కమిచ్చిరి. ఉచితముగా బియ్యము పంపుట వారికి కష్టము గాదు. కాని కొన్నవాడు సమానుడు, పెట్టినవాడు పైవాడు అని వారెరుగుదురు. ముప్పదియేండ్ల తరువాత ఆ బాలుని కుమార్తె నా శిష్యురాలయ్యెను. పట్టీలో వ్రాయుటకై సొంత ఊరేదమ్మా యని యడుగగా, తడవుకొనక మా గ్రామము పేరే చెప్పెను. వేరూనుటకు అంతకంటె సాక్ష్యము నేనెరుగను.

గ్రామపెద్దలారా! కరవుచేతనో, కలహముచేతనో ఇల్లు విడిచిన కుటుంబము ఏనాడైనను మీ పొలిమేరకు రావచ్చును. మొదటినాడు పెట్టు అన్నము పుణ్యమే. అది రెండు పూటలది. పిదప వారికి కావలసినవి తావు, పని, తమ దేవుని, తమ మాటను దాచుకొన నక్కరలేని ధైర్యము. గోవిందరాజునకు వీథులు తీర్చినవారును, రంగనాథునకు మండపమిచ్చినవారును, మేలట్టూరున బావిని మరువనివారును చేసినదిదియే. ఆ కుటుంబమునకు పంచాయతీలో నొక మాట, బడిలో నొక పలక, బావికడ నొక వంతు కలుగునట్లు చూచుట మీ చేతిలోని పని.