కంపెనీ మెయిల్ సర్వర్: డైరెక్టరీతో లాగిన్

కంపెనీ సొంతంగా నడుపుకునే మెయిల్ సర్వర్‌లో ఉద్యోగుల పాస్‌వర్డులన్నీ ఒకే డైరెక్టరీలో ఉంచి, ప్రతి లాగిన్‌నూ అక్కడే సరిచూసే ఏర్పాటు ఇది. లినక్స్ మీద తరచుగా కనిపించే కూర్పు: ఉత్తరాలు పంపడానికి, అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, పెట్టెలు తెరవడానికి డవ్‌కాట్, డైరెక్టరీకి ఓపెన్‌ఎల్‌డాప్.

వీట్సే వెనెమా ఐబీఎం పరిశోధన కేంద్రంలో రాసిన పోస్ట్‌ఫిక్స్‌కు కొందరు 1997ను, కొందరు 1998ని పుట్టిన ఏడాదిగా చెబుతారు. మొదటిది రాత మొదలైన ఏడాది. అది బయటివారి చేతికి వచ్చింది 1998 డిసెంబరులో కాబట్టి రెండోదే సబబు అనిపిస్తుంది. టిమో సిరైనెన్ డవ్‌కాట్ 2002లో వచ్చింది.

పోస్ట్‌ఫిక్స్ తానుగా పాస్‌వర్డు చూడదు. 2.3 వెర్షన్ నుంచి ఆ పనిని ఒక సాకెట్ ద్వారా డవ్‌కాట్‌కు అప్పగించవచ్చు. డవ్‌కాట్‌లో auth_bind పెడితే అది ఆ ఉద్యోగి పేరుతోనే డైరెక్టరీకి లాగిన్ అయి చూస్తుంది, పాస్‌వర్డు హ్యాష్‌ను చదివే హక్కు మెయిల్ సర్వర్‌కు ఇవ్వనక్కర్లేదు. ఇక్కడో గోతి ఉంది. పేరు ఇచ్చి పాస్‌వర్డు ఖాళీగా వదిలిన అభ్యర్థనను, డైరెక్టరీలతో మాట్లాడే పద్ధతిని నిర్ణయించే ఎల్‌డాప్ ప్రమాణం అనామక ప్రవేశంగా లెక్కగడుతుంది. కొన్ని డైరెక్టరీలు దానికి ‘సరే’ అంటాయి. ఆ ‘సరే’ను లాగిన్‌గా పొరబడే ప్రోగ్రాం ఎవరినైనా లోపలికి పంపేస్తుంది. ఓపెన్‌ఎల్‌డాప్ ఎవరూ మార్చకపోతే దీన్ని తిరస్కరిస్తుంది. అన్ని డైరెక్టరీలూ అలా కావు.

పోర్టుల సంగతి మరీ చిక్కు. మొదటినుంచీ ఎన్‌క్రిప్షన్‌తో మెయిల్ పంపే 465ను 1997లో నమోదు చేసి, కొద్దికాలానికే రద్దు చేశారు. తర్వాత ఆ అంకె వేరే పనికి వెళ్ళినా మెయిల్ ప్రోగ్రాములు దాన్ని వదల్లేదు. 2018లో ఆర్‌ఎఫ్‌సి 8314 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దాన్నే మళ్ళీ సిఫారసు చేసింది. పాత పుస్తకాల్లో ‘465 వాడరాదు’ అని కనిపిస్తే ఆ మధ్యకాలపు మాటగా చదువుకోవాలి. మామూలుగా మొదలై తర్వాత టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌లోకి మారే 587 పోర్టు వాడితే టీఎల్‌ఎస్ మొదలవకముందు పాస్‌వర్డు అడగకుండా smtpd_tls_auth_only పెట్టడం తప్పనిసరి.

పాస్‌వర్డే నెట్‌వర్కు మీదికి రాని కెర్బెరోస్ పద్ధతి కూడా ఉంది; చిన్న కంపెనీల్లో తక్కువేనేమో.

ఉద్యోగి మానేసినప్పుడు డైరెక్టరీలో ఒక ఖాతా మూస్తే మెయిలూ మూతపడుతుందన్నది డైరెక్టరీ పద్ధతి ఆకర్షణ. కానీ అతని ఫోన్ అప్పటికే తెరిచి ఉంచిన ఐమ్యాప్ కనెక్షన్ తెగదు, పాస్‌వర్డు పరీక్ష లాగిన్ అప్పుడే జరుగుతుంది గనుక. ఖాతా మూశాక doveadm kick కూడా కొట్టాలి.