కోటా మారింది, కట్టు మారలేదు

అమెరికా పని వీసాల చరిత్ర చూస్తే, ఎంతమందిని రానివ్వాలన్న లెక్క ఎన్నోసార్లు మారింది గానీ, వచ్చినవారిని యజమానికి కట్టేసే పద్ధతి పెద్దగా మారలేదు. 1952 చట్టంతో వచ్చిన హెచ్‌1 వీసా విశేష ప్రతిభావంతుల కోసం. 1990 చట్టం డిగ్రీ చదువు అవసరమయ్యే కొలువులకు హెచ్‌1బీని ఏర్పరచి, ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. వై2కే (2000 సంవత్సరపు తేదీ సమస్య) పనులకు, ఆపై డాట్‌కామ్ జోరుకు ప్రోగ్రామర్లు చాలక 1998లో దాన్ని 1,15,000కు, 2000లో 1,95,000కు పెంచారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కిటకిటలాడిందీ, చిలుకూరు బాలాజీ ‘వీసా దేవుడు’ అయిందీ ఈ గిరాకీ పుణ్యమే. డాట్‌కామ్ బుడగ పగిలాక, 2004 ఆర్థిక సంవత్సరం నుంచి కోటా మళ్లీ 65,000కు దిగింది. ఆ తర్వాత అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000 కలిపారు.

కోటా తగ్గినంత మాత్రాన పని అమెరికన్ల చేతికే వెళ్లిందా? 2007 ఏప్రిల్‌లో తొలిరోజే దరఖాస్తులు కోటాను మించిపోయి, లాటరీ తీయాల్సి వచ్చింది. అదే ఏడాది జులైలో మైక్రోసాఫ్ట్ సరిహద్దుకు అవతల, కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో డెవలప్‌మెంట్ సెంటర్ పెడుతున్నట్టు ప్రకటించింది. అమెరికా వలస నిబంధనల వల్ల ఇబ్బంది పడుతున్న నిపుణులను అక్కడ నియమించుకుంటామని దాచకుండానే చెప్పింది. మనుషులు రాలేకపోతే పనే సరిహద్దు దాటుతుంది.

మరి విదేశీయుల వల్ల కొలువులు పోతున్నాయన్న స్థానికుల గోడు అబద్ధమా? కాదు. ఓర్లాండోలో డిస్నీ టెక్నాలజీ ఉద్యోగులు తమ స్థానంలోకి హెచ్‌1బీ మీద వస్తున్నవారికి తామే పని నేర్పి వెళ్లాల్సి వచ్చిందన్న సంగతి 2015లో దేశమంతా చర్చకు వచ్చింది. అయితే అలాంటి చోట విదేశీ ఉద్యోగి చవక కావడానికి కారణం వచ్చినవారి సంఖ్య కన్నా వారి నిస్సహాయతే. పని లేక ‘బెంచ్’ మీద ఉన్నా జీతం ఇవ్వాల్సిందేనని 1998లో చట్టం చేయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో ఊహించవచ్చు. కొత్త సంస్థ పిటిషన్ వేయగానే అందులో చేరవచ్చని 2000 చట్టం అన్నది నిజమే. కానీ ఉద్యోగం పోతే మరోటి వెతుక్కునే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడిపేదీ ఎక్కువగా యజమానే. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వల్ల భారతీయులకు ఆ నిరీక్షణ ఏళ్లకేళ్లు సాగుతుంది. అన్నేళ్లూ జీతం పెంచమని గట్టిగా అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. దీనివల్ల మేటి నిపుణులే వస్తారని సమర్థకుల వాదన. కానీ కోటా వర్తించని విశ్వవిద్యాలయాలకూ ఈ రుసుము నుంచి మినహాయింపు ఇవ్వలేదు. పైగా అంత ఖర్చుతో తెచ్చుకున్న మనిషిని ఏ సంస్థా తేలిగ్గా వదులుకోదు. ఆ కట్టు ఇంకా బిగుస్తుంది. స్థానికుల జీతాలు కాపాడాలంటే విదేశీ ఉద్యోగికి నచ్చని యజమానిని వదిలేసే స్వేచ్ఛ ఇవ్వాలి. కోటాలో, రుసుములో ఎన్ని మార్పులు చేసినా దానికి సాటి రావు.